ఉన్న సంఘాన్ని ఎప్పుడు విడిచిపెట్టాలి?

ఏళ్లుగా వెళ్తున్న సంఘంలో (చర్చిలో) మనసు నిలవడం లేదు, మానేస్తే తప్పా అని అడిగారు. మీకు నచ్చకపోవడం వేరు, అక్కడ తప్పు జరగడం వేరు. ప్రసంగం సాగదీస్తారు, ఎవరో పలకరించలేదు లాంటివి ఏ సంఘంలోనైనా ఎదురవుతాయి. బైబిల్ కాలంలో కొరింథు పట్టణపు సంఘంలో వర్గాలుండేవి, విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కేవారు. అయినా అపొస్తలుడైన పౌలు వాళ్లను వదిలేసి పొమ్మనలేదు, సరిదిద్దుకోమని రాశాడు.

వెళ్లిపోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. సువార్తనే మార్చి చెబుతుంటే (గలతీయులకు 1:8), కానుకల లెక్క అడిగితే శాపం తగులుతుందని భయపెడుతుంటే, పెద్దల తప్పు కప్పిపుచ్చి బాధితుల నోరు మూయిస్తుంటే ఉండనక్కర్లేదు. నొచ్చుకున్న విషయమైతే మత్తయి 18:15-17లోని వరుస మంచిది: ముందు ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకోవాలి, ఆపైన సంఘానికి చెప్పాలి. కానీ ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేసినా, పిల్లలకు హాని ఉన్నా ఈ మెట్లన్నీ ఎక్కేదాకా ఆగకండి. వెంటనే బయటికి రండి, పోలీసులకు చెప్పండి.

నేను ఒకసారి చెప్పాపెట్టకుండా మానేశాను. నా పక్కన కూర్చునే పెద్దావిడ మూడు వారాలు తన బైబిల్ పెట్టి నా చోటు ఆపి ఉంచిందట. అది తెలిసి చాలా బాధపడ్డాను. అందుకే పాస్టర్‌గారికి ముఖాముఖి చెప్పండి, సండే స్కూల్ లాంటి బాధ్యత ఉంటే ఇంకొకరికి అప్పగించండి. ఈలోపే వేరే సంఘం చూసుకోండి. 'కొన్నాళ్లు ఇంట్లోనే ప్రార్థన చేసుకుందాం' అనుకుంటే ఆ కొన్నాళ్లు ఏళ్లవుతాయి.