నలుగుతో రుద్దకమ్మా

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫోటో పొద్దుటి నుంచి పదిసార్లు చూశాను. పాపాయి నడుం దగ్గర, సరిగ్గా వెన్ను మీద, ఆ వెంట్రుకల కుచ్చు. మీ అన్నయ్యకీ అచ్చం అలాగే ఉండేది. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేటప్పుడు శనగపిండి ముద్దతో రోజూ రుద్దేదాన్ని. రాలిపోతుందన్నారు పెద్దవాళ్లు, నేనూ నమ్మాను. నువ్వు రుద్దకు, గొరగకు. ముందు డాక్టరుకు చూపించు.

పిర్రల మధ్య, బాగా కిందికి ఉండే చిన్న సొట్ట చాలామంది పిల్లలకు ఉంటుంది, దానికి మామూలుగా భయం లేదు. అంతకంటే పైన కుచ్చో, మెత్తటి కొవ్వుగడ్డో ఉంటే మాత్రం లోపల వెన్నుపాము ఎలా ఉందో చూడాల్సిందే. మీ అన్నయ్యకు అది రెండు పాయలుగా చీలి, మధ్యలో ఎముక ముల్లులా నిలిచింది. పిల్లాడు ఎదిగేకొద్దీ ఆ ముల్లు దగ్గర చిక్కుకుని నరాలు లాగబడ్డాయి.

మాకు తెలిసేసరికి వాడికి నాలుగేళ్లు. ఎడమ చెప్పు ఊరికే జారిపోయేది. వదులుది కొన్నామనుకున్నాం. ఓ రోజు రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమది చిన్నది! మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఒక డాక్టరు "పెద్దయితే పోతుంది" అని పంపేశారు. ఆరు నెలలు అలా పోయాయి.

పాపకింకా రెండు నెలలే. వెన్నెముక గట్టిపడలేదు కాబట్టి ఇప్పుడైతే అల్ట్రాసౌండులో కొంత తెలుస్తుంది. అందులో ఏమీ లేదన్నా సరే, ఎమ్మారై గురించి పిల్లల న్యూరోసర్జన్‌ని అడుగు, వెన్ను మొత్తానికీ. మత్తు ఇస్తే పాలు ఎప్పుడు ఆపాలో ముందే కనుక్కో. ఖర్చు సంగతి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడుగు.

ఆపరేషన్ ఇకపై చెడకుండా ఆపడానికే. పోయిన బలమంతా తిరిగొస్తుందని ఎవరూ మాటివ్వలేరు, అందుకే నా తొందర. మీ అన్నయ్యకి మూత్రం పూర్తిగా వచ్చేది కాదు. నిలవుంటే కిడ్నీలు పాడవుతాయని రోజుకు నాలుగైదుసార్లు సన్న గొట్టంతో తీసేదాన్ని. మొదటిరోజు నా చేతులు వణికాయి. తొమ్మిదేళ్లకి వాడే నేర్చుకున్నాడు.

గ్రహణం రోజు బయట తిరిగావని మీ అత్తగారు అంటున్నారట. గర్భం నిలిచిన మొదటి నెలలోనే, నెల తప్పిన సంగతి నీకు సరిగా తెలియకముందే ఏర్పడే లోపమమ్మా ఇది. నీ తప్పేమీ లేదు. ఈ మాట ఆవిడకి నేనే చెబుతాను.

ఈలోగా పాప రెండు కాళ్లూ సమానంగా ఆడిస్తోందా, ఉచ్చ ధారగా పోస్తోందా, చుక్కచుక్కగా కారుతోందా చూసి రాసిపెట్టు. అపాయింట్‌మెంట్ దొరకగానే ఫోన్ చెయ్యి, ఆ రాత్రి బండికే ఎక్కుతాను.

మీ పెద్దమ్మ