డ్యూషాం ముందు, పికాసో తర్వాత... గీత ఎక్కడ?

మోడర్న్ ఆర్ట్‌కీ కాంటెంపరరీ (సమకాలీన) ఆర్ట్‌కీ మధ్య మీరు సంవత్సరాల్ని బట్టి గీత గీస్తున్నారు, చిక్కంతా అక్కడే. ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డ్యూషాం కళగా ముందు పెట్టిన యూరినల్ (మూత్రం పోసే తొట్టి) ‘ఫౌంటెన్’ 1917ది, పికాసో పెయింటింగ్ ‘గెర్నికా’ 1937ది, మరి ముందొచ్చింది కాంటెంపరరీ పాఠంలో ఎందుకుంది అన్నారు కదా.

1. టైమ్‌లైన్ చార్టు కాసేపు పక్కన పెట్టండి.

2. ప్రతి పని ముందూ ఒకటే అడగండి: కొత్తదనం కంటికి కనిపించే రూపంలో ఉందా, లేక దీన్ని కళ అని ఎందుకనాలి అనే ఆలోచనలో ఉందా? రూపంలో ఉంటే మోడర్న్, ఆలోచనలో ఉంటే కాంటెంపరరీ. అందరూ దాటేసేది ఈ మెట్టే. గెర్నికాలో ఒళ్లు ముక్కలైనా, రంగులు నలుపు, తెలుపు, బూడిదకి దిగిపోయినా అది చేత్తో వేసిన బొమ్మే, ఎదురుగా నిలబడి చూడాల్సిందే. ఫౌంటెన్‌లో చెయ్యి పని దాదాపు లేదు, కొన్న వస్తువుని వెల్లకిలా పెట్టి ‘ఆర్. మట్’ అని సంతకం, అంతే. మన విశాఖ ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఇసుక మీదకొచ్చాక మనం దాన్ని చూసే తీరే మారిపోయింది చూడండి, కాస్త అలాంటిదే (అది మ్యూజియం, పరీక్షలో కళాఖండం అని రాసేయకండి).

3. ఆ ఆలోచన గట్టిగా పాతుకుంది 1950, 60లలో. 1964లో అమెరికన్ కళాకారుడు ఆండీ వార్హోల్ ప్లైవుడ్‌తో చేయించిన బ్రిల్లో పెట్టెలు, అంటే గిన్నెలు తోమే పీచు డబ్బాల నకళ్లు, దాని కొడుకులే. అందుకే డ్యూషాంని రెండు పాఠాల్లోనూ రాయొచ్చు, మార్కులు పోవు.

4. మన దేశానికీ ఇదే కొలత: 1947 నాటి బొంబాయి ప్రోగ్రెసివ్ గ్రూప్ చిత్రకారులు సూజా, రజా, హుస్సేన్‌లు మోడర్న్, 1990లలో ఇన్‌స్టలేషన్‌లకి (వస్తువుల్ని ఒక చోట అమర్చి చేసే కళకి) మళ్లిన వివాన్ సుందరం కాంటెంపరరీ.