తక్కువ అద్దె ఇళ్లు పెరిగితే రోడ్డు మీద పడుకునేవాళ్లు నిజంగా తగ్గుతారా?

తాగుడు, మానసిక సమస్యలే అసలు కారణమైతే ఇళ్లు కట్టి ఏం లాభం అని అడిగారు. కొన్నేళ్లు ఒక నైట్ షెల్టర్‌లో వాలంటీర్‌గా చేశాను. నేను చూసినంతలో, తప్పకుండా తగ్గుతారు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో రోజూ పనికి వెళ్లేవాళ్లు చాలామందే. ఒకాయన వాచ్‌మన్, నైట్ డ్యూటీ. షెల్టర్ తెరిచేది సాయంత్రం, ఖాళీ చేయించేది పొద్దున్నే. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి తలుపులు మూసేసేవాళ్లం. సంచి మా దగ్గర పెట్టి, పగలు బస్టాండు బెంచీ మీద కునుకు తీసేవాడు. జీతం నెలనెలా వచ్చేది, ఆ జీతానికి అందే గదే ఉండేది కాదు. ఎక్కడైనా ఒకటి ఖాళీ అయితే పదిమంది పోటీ. అడ్వాన్స్ అడుగుతారు, పాత అడ్రస్ అడుగుతారు, ఓనర్ తనకి నమ్మకం కుదిరినవాళ్లకే ఇస్తాడు. తాగుడు అలవాటున్నవాళ్లు, మానసిక జబ్బుకి మందులు వాడేవాళ్లు వెనకబడిపోయేది ఇక్కడే. గదులు సరిపడా ఉన్నచోట వాళ్లకీ ఏదో ఒకటి దొరుకుతుంది.

అమెరికాలో డ్రగ్స్ మరణాల రేటు వెస్ట్ వర్జీనియాలో చాలా ఎక్కువ. కానీ జనాభా లెక్కన చూస్తే ఇల్లు లేనివాళ్లు కాలిఫోర్నియాలోనే కొన్ని రెట్లు ఎక్కువ. అద్దెలు మండిపోయేది కాలిఫోర్నియాలో మరి.

ఫిన్లాండ్ 2008 నుంచి ముందు ఇల్లు ఇచ్చి, వైద్యం, కౌన్సెలింగ్ ఆ తర్వాత అందిస్తోంది. తాగుడు మానితేనే ఇల్లు అనే షరతు లేదు, అగ్రిమెంటు కూడా ఉండేవాళ్ల పేరు మీదే. అది మాటలతో జరగలేదు, షెల్టర్లనే ఫ్లాట్లుగా మార్చారు, కొత్తవి కట్టారు. హెల్సింకీలో 1985లో 2,121 షెల్టర్ పడకలుంటే 2016 నాటికి 52 మిగిలాయి.

అయితే ఎక్కడ కడుతున్నారన్నది చాలా ముఖ్యం. మా షెల్టర్‌కి వచ్చే ఒకావిడకి ఊరి బయట ఎక్కడో ఇల్లు వచ్చింది. పని మాత్రం ఊరి మధ్యలో, తెల్లవారుజామునే మొదలు. ఆ వేళకి అటునుంచి బస్సు లేదు. కొన్నాళ్లకే ఇంటికి తాళం వేసి మళ్లీ మా దగ్గరికి వచ్చేసింది. కాబట్టి చవగ్గా భూమి దొరికిన చోటల్లా కట్టడం కాదు, పనులున్న చోటే చిన్న గదులు, అద్దె ఇళ్లు కట్టడానికి అనుమతులివ్వాలి. బాగా తక్కువ సంపాదన ఉన్నవాళ్ల దాకా ప్రైవేటు బిల్డర్లు రారు, అక్కడ ప్రభుత్వం డబ్బు పెట్టక తప్పదు.