ఫార్మ్‌స్టోన్ తీయిస్తే గోడకేం కాదు, జాగ్రత్త ఆ తర్వాతే

అమెరికాలోని బాల్టిమోర్‌లో కొన్న పాత రో హౌస్ (పక్కిళ్లతో గోడ కలిసిన ఇల్లు) ముందు గోడకున్న ఫార్మ్‌స్టోన్ పీకిస్తే గోడ కూలుతుందేమోనని మీ టెన్షన్. భయపడకండి, అది బరువు మోసేది కాదు. 1937లో పేటెంట్ అయిన సిమెంటు పూత. ఇటుకలకు మేకులతో కొట్టిన ఇనుప జాలీ మీద పొరలుగా వేసి, రాయిలా కనిపించేలా గీతలు, రంగులు దిద్దారు.

తీయడం తేలికే. తీశాక మేకుల రంధ్రాలు, చెక్కేసిన కిటికీ అంచులు బయటపడతాయి. అక్కడి పాత ఇటుక చాలావరకు మెత్తనిది, అందుకే జనం దానికి రంగు వేసేవాళ్లు. ఆ రంగు వదిలించడానికి శాండ్ బ్లాస్టింగ్ మాత్రం వద్దండీ. బట్టీలో కాలి గట్టిపడ్డ పైపొర పోతే ఇటుక నీళ్లు తాగేస్తుంది. రంగులో సీసం ఉందేమో ముందే పరీక్ష చేయించండి.

ఇటుకల మధ్య సందులు సున్నం గారతోనే నింపించండి. గట్టి సిమెంటు పెడితే తేమ ఇటుకలోంచే బయటకు రావాలి, చలికాలంలో అది గడ్డకట్టి ఇటుక ముఖం పెచ్చులూడిపోతుంది. ఇక్కడ మేస్త్రీ ఎంత చెప్పినా ఒప్పుకోవద్దు, ఇల్లు పాడయ్యేది ఇక్కడే.

మీ వీధి నగరం గుర్తించిన చారిత్రక ప్రాంతంలో ఉంటే, పనికి చాప్ (CHAP) అనే నగర వారసత్వ కమిషన్ అనుమతి కావాలి. ఆస్తి పన్ను రాయితీకి దరఖాస్తు కూడా పని మొదలుకాకముందే పెట్టాలి.