నాలుగు పేజీల ఉత్తరంలో కేసు ఒక్క వాక్యమే

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో, ఇంట్లో అందరూ వద్దంటున్నా, పాత మోటార్ యాట్ (ఇంజిన్లతో నడిచే విహార బోటు) ఒకటి కొన్నాను. అక్టోబరులో బోట్లు ఉంచి, మరమ్మతు చేసే యార్డులో ఒడ్డుకెక్కించి, చలికాలం జాగ్రత్తలన్నీ తీసుకోమని అప్పగించాను. ఏప్రిల్‌లో నీళ్లలోకి దించే ముందు హోస్ పైపుతో నీళ్లు పెట్టి జనరేటర్ స్టార్ట్ చేస్తే దాన్ని చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ పక్కనుంచి నీళ్లు చిమ్మాయి. లోపలి నీరు గడ్డకట్టి పగిలిందన్నారు. యార్డ్ ఓనర్ నాకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. ఇప్పుడేమో ‘జనరేటర్ నీ వర్క్ ఆర్డర్‌లోనే లేదు’ అంటున్నాడు. కోపంతో బిల్లు ఆపేశాను. కట్టేదాకా బోటు ఇవ్వనంటున్నాడు. 14 నెలలుగా ఇదే టెన్షన్. ఇన్సూరెన్స్ కంపెనీ వింటరైజేషన్ (ఆ చలికాలం జాగ్రత్తలు) చేయించినట్టు రుజువు అడిగింది. తెలిసిన మెకానిక్ ఒకతను అప్పటి తేదీ వేసి రసీదు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? బిల్లు కట్టకుండా బోటు తెచ్చుకోవచ్చా? న్యాయం నా వైపు లేదా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలకు పైగా స్నేహితుడు చేసిన ద్రోహమే. అది కోర్టుకు అక్కర్లేదు, కాబట్టి నాకూ అక్కర్లేదు. మూడో పేజీ అడుగున, మాటవరసకు రాసినట్టు ఒక వాక్యం ఉంది: “నవంబరు మొదట్లో యార్డ్ మేనేజర్ ‘ఇంజిన్లు, జెన్‌సెట్ అన్నీ అయిపోయాయి, కవర్ వేసేశాం’ అని మెసేజ్ కూడా పెట్టాడు.” జెన్‌సెట్ అంటే జనరేటరే. మీ కేసంతా ఆ వాక్యంలోనే ఉంది.

ఎందుకో చెబుతాను. మీరు పంపిన వర్క్ ఆర్డర్ కాపీలో ఉన్నవి రెండే వరుసలు: ‘మెయిన్ ఇంజిన్లు రెండు, వింటరైజ్’, ‘బోటు, వింటర్ స్టోరేజ్’. స్టోరేజ్ అంటే చోటివ్వడం. వింటరైజ్ అంటే నీళ్లు తీసేసి, యాంటీఫ్రీజ్ ఎక్కించి, గడ్డకట్టకుండా చేయడం. మామూలు మాటల్లో రెండూ ఒకటేలా వినిపిస్తాయి కానీ ఇలాంటి తగాదాల్లో సగం ఈ రెండు మాటల మధ్యే పుడతాయి. పైగా యాట్‌లో నీళ్లు తిరిగే దారి ఒక్కటి కాదు. మెయిన్ ఇంజిన్లవి వేరు, జనరేటర్‌ది వేరు, ఏసీది వేరు, మంచినీటి పైపులు, వాటర్ హీటర్, టాయిలెట్లు అన్నీ వేటికవే. యార్డులు ఒక్కోదానికి ఒక్కో వరుస రాసి, దేనికి దానికి బిల్లు వేస్తాయి. వర్క్ ఆర్డర్ ఒక్కటే పట్టుకుని కోర్టుకు వెళ్తే మీ స్నేహితుడు చెప్పేది నిజం, మీరు ఓడిపోతారు. ‘అన్నీ చూసుకో అని నోటితో చెప్పాను’ అన్నది ఆయన కాదంటే చాలు, తేలిపోతుంది.

మెసేజ్ ఆ పరిస్థితిని తిప్పేస్తుంది. జెన్‌సెట్ అయిపోయిందని వాళ్ల మేనేజరే రాశాడంటే రెండే అర్థాలు. అది మాట్లాడుకున్న పనిలో భాగమే. లేదా, చేయని పనిని చేసినట్టు చెప్పి, మీరు వేరొకరితో చేయించుకోకుండా ఆపారు. ఏది నిజమైనా యార్డ్ జవాబు చెప్పుకోవాల్సిందే. ఇంత ముఖ్యమైన దాన్ని మీరు ‘కూడా’ అనే మాటతో దాటేశారు!

ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోవద్దు. ఫోన్ మార్చకండి, అమ్మకండి, చాట్ చెరపకండి. భారత కోర్టుల్లో అయితే ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 2023, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలో 65బి అని అందరూ చెప్పుకునేది ఇదే. మిగతా దేశాల్లో పద్ధతి వేరు కావచ్చు గానీ అసలు ఫోన్, అసలు చాట్ చేతిలో ఉండటం ఎక్కడైనా మంచిదే. మీరు ఏ దేశం నుంచి రాస్తున్నారో నాలుగు పేజీల్లో ఒక్కచోటా చెప్పలేదు. యార్డ్ ఒప్పందం చివర్లో ఏ దేశ చట్టం వర్తిస్తుందో, తగాదా ఎక్కడ తేల్చుకోవాలో రాసి ఉంటుంది. మొదట అది చదవండి. నేను భారత, ఇంగ్లండ్ చట్టాలను ఉదాహరణగా చెబుతున్నాను.

ఇక పగిలిన భాగం సంగతి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఒకవైపు ఎప్పుడూ కూలెంట్ ఉంటుంది, రెండోవైపు బయటి నీరు తిరుగుతుంది. చలికాలానికి ఖాళీ చేయాల్సింది ఆ రెండోవైపే. ఖాళీ చేశారా లేదా అన్నది తేల్చడానికి మంచి సాక్ష్యం ఒకటి ఉండేది: లోపల మిగిలిన ద్రవం. దాన్ని శాంపిల్ తీసి, ద్రవం గాఢత చెప్పే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే యాంటీఫ్రీజ్ ఎంత ఉందో తెలిసేది. హోస్ పెట్టి స్టార్ట్ చేసి మీరే దాన్ని కడిగేశారు. తెలియక చేశారు, సరే. కానీ ఆ రోజు వీడియో తీశానన్నారు కదా, అందులో ఎగ్జాస్ట్ నుంచి మొదట వచ్చిన నీటి రంగు చూడండి. ఇలాంటి పనికి వాడే యాంటీఫ్రీజ్ ఎక్కువగా గులాబీ రంగులో ఉంటుంది. మొదటి చుక్క నుంచీ తేట నీరే వస్తే అది మీకు పనికొస్తుంది. అయితే యాంటీఫ్రీజ్ పోయకుండా ప్లగ్ విప్పి నీళ్లు వంచేసినా పని జరిగినట్టే కాబట్టి, వీడియో ఒక్కటే చాలదు.

జనరేటర్‌కు గంటల మీటర్ ఉంటుంది. ఒడ్డుకెక్కించేటప్పుడు దాని ఫోటో తీశారా? తీసి ఉంటే ఇప్పటి అంకెతో పోల్చండి. యాంటీఫ్రీజ్ లోపలికి లాగాలంటే ఇంజిన్ కొన్ని నిమిషాలైనా తిరగాలి. ఏప్రిల్‌లో మీరు తిప్పిన నిమిషాలు తీసేశాక ఏమీ మిగలకపోతే, నవంబరులో దాన్ని ఎవరూ ముట్టలేదనడానికి అదో సూచన. ఆ నెలలో మీ బోటు మీద ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో టైమ్‌షీట్లు, ఎంత యాంటీఫ్రీజ్ వాడారో స్టోర్ లెక్కలు ఇవ్వమని యార్డ్‌ను రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ నిరాకరణ కూడా రేపు మీకు సాక్ష్యమే.

ఇప్పుడు తిట్టాల్సిన చోటుకు వచ్చాం. పగులు బయటపడి 14 నెలలన్నారు. అంటే మధ్యలో ఇంకో చలికాలం గడిచిపోయింది. ఆ చలికాలంలో బోటులో నీళ్లు ఎవరు తీశారు? ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ‘పగులు మొదటి శీతాకాలానిది కాదు, బిల్లు కట్టకుండా ఆయన వదిలేసిన రెండో శీతాకాలానిది’ అని అవతలి లాయర్ అనకుండా ఉంటాడా? మిమ్మల్ని కాపాడేది మళ్లీ ఆ ఏప్రిల్ వీడియోనే. మొదటి డిసెంబరులో మనవళ్లకు బోటు చూపించడానికి ఎక్కామని కూడా రాశారు. ఆ రోజు ఏ కుళాయి తిప్పారు, ఏ స్విచ్ వేశారు, గుర్తు తెచ్చుకుని ఇప్పుడే కాగితం మీద పెట్టండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న అదే అవుతుంది.

చట్టం మీకు అనుకూలంగా ఉన్న చోటు ఒకటుంది. తాళాలతో సహా బోటును యార్డ్‌కు అప్పగిస్తే అది, పని అయ్యాక తిరిగివ్వాలన్న షరతుతో వస్తువు అప్పగించడం, అంటే బెయిల్‌మెంట్. భారత కాంట్రాక్ట్ చట్టం 1872, 148వ సెక్షన్‌లో దాని నిర్వచనం ఉంది. సొంత వస్తువును మామూలు తెలివున్న మనిషి ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలని 151వ సెక్షన్ చెబుతుంది. అప్పగించిన వస్తువు పాడైతే, తన అజాగ్రత్త లేదని చూపించుకోవాల్సిన భారం మామూలుగా తీసుకున్నవాడి మీదే పడుతుంది. తాళాలు మీ దగ్గరే ఉంచుకుని చోటు మాత్రం అద్దెకు తీసుకుని ఉంటే ఈ వాదన బలహీనపడుతుంది. తాళాలు ఎవరి దగ్గరున్నాయో కూడా మీరు రాయలేదు. ఒప్పందంలో ‘మంచు, గడ్డకట్టడం వల్ల నష్టానికి మా బాధ్యత లేదు’ అనే వాక్యం ఉండవచ్చు. దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో వినియోగదారుడికి ఇచ్చే సేవలో తగిన జాగ్రత్త, నైపుణ్యం చూపాలన్న బాధ్యతను ఒప్పందంలో రాసుకుని వదిలించుకోవడం కుదరదని 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం చెబుతోంది.

రసీదు విషయం. తీసుకోవద్దు. ఆ మెకానిక్‌కు ఫోన్ చేసి వద్దని ఈరోజే చెప్పండి.

అది తప్పు అన్నది అలా ఉంచండి, అది తెలివితక్కువ పని కూడా. ఆ కాగితం ఏం చెబుతుంది? జనరేటర్‌ను అక్టోబరులో వింటరైజ్ చేసింది యార్డ్ కాదు, మీ మనిషే అని. అంటే యార్డ్ మీద కేసును మీ చేత్తో మీరే మూసేసినట్టు. ఇన్సూరెన్స్‌కు ఒక కథ, కోర్టుకు ఇంకో కథ చెప్పలేరు, రెండు ఫైళ్లూ ఒకరోజు ఒకే బల్ల మీదికి వస్తాయి. యార్డ్ గేటు రిజిస్టర్‌లో అతని పేరుండదు. దొరికిపోవడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ వైపు ఒక నిజమైన కేసు చెబుతాను, మీ సమస్యకు పెద్దన్నలాంటిది. 2010 జనవరిలో డీసీ మెర్వెస్టోన్ అనే సరుకు ఓడ లిథువేనియాలోని క్లైపెడా రేవు నుంచి బయల్దేరింది. సరుకు గదుల మూతలైన హ్యాచ్ కవర్ల మీది మంచును సిబ్బంది ఎమర్జెన్సీ ఫైర్ పంపు నీటితో కొట్టారు. తర్వాత ఆ పంపులో నీళ్లు తీయలేదు, సముద్రపు నీరు వచ్చే వాల్వ్ మూయలేదు. నీరు గడ్డకట్టి పంపు పగిలింది. దారిలో మంచు కరిగాక సముద్రం లోపలికి వచ్చి ఇంజిన్ గది మునిగింది, మెయిన్ ఇంజిన్ పనికిరాకుండా పోయింది. క్లెయిము 32 లక్షల యూరోల పైమాట. క్లెయిము న్యాయమైనదే. కానీ త్వరగా తేలాలని ఓడ మేనేజర్ ఒక అబద్ధం చెప్పాడు: ఓడ అడుగున నీరు చేరితే మోగే బిల్జ్ అలారం మోగిందని, ఓడ ఊగడం వల్ల అనుకుని సిబ్బంది పట్టించుకోలేదని. ఆ ఒక్క అబద్ధం వల్ల ఇంగ్లండ్ హైకోర్టులోనూ, అప్పీల్ కోర్టులోనూ మొత్తం క్లెయిము పోయింది. 2016 జులైలో బ్రిటన్ సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఓడ యజమానులకు అనుకూలంగా తీర్పిచ్చింది. క్లెయిము నిజమైనదై, చెప్పిన అబద్ధంతో దాని హక్కుకు సంబంధమే లేకపోతే క్లెయిము పోదని చెప్పింది.

‘చివరికి గెలిచారు కదా’ అనకండి. మీ రసీదు అలాంటి పక్క అబద్ధం కాదు. వింటరైజేషన్ జరిగిందా అన్నదే మీ పాలసీలో షరతు అయితే, ఆ రసీదు క్లెయిము గుండెకాయ మీద చెప్పే అబద్ధం. దానికి ఆ తీర్పు కూడా రక్షణ ఇవ్వదు. కంపెనీకి ఉన్నదున్నట్టు రాయండి: యార్డ్‌కు అప్పగించాను, ఇదిగో వర్క్ ఆర్డర్, ఇదిగో మేనేజర్ మెసేజ్. పాలసీలో మంచు వల్ల నష్టం మినహాయింపుల్లో ఉంటే ఆ డబ్బు రాదు, అంతే. పాలసీ వాక్యం చదివాక ఆశ పెట్టుకోండి.

బిల్లు సంగతి. వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టినవాడు ఆ పని డబ్బు అందేదాకా వస్తువును ఆపుకోవచ్చని భారత కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ చెబుతుంది. మెయిన్ ఇంజిన్ల పని చేశారు కదా. రాత్రికి రాత్రి మనుషుల్ని పెట్టి బోటు ఎత్తుకొచ్చే ఆలోచన ఉంటే మానుకోండి. తన గడియారమే అయినా, రిపేరు డబ్బు బాకీ ఉండగా గడియారాల వాడి దగ్గర్నుంచి చెప్పకుండా తీసుకుపోతే దొంగతనమే అని 1860 నాటి పీనల్ కోడ్‌లోనే ఉదాహరణ ఉంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ అదే ఉంది. కాబట్టి బిల్లు కట్టండి, కానీ ‘నా అభ్యంతరాలకు, నష్టపరిహార హక్కుకు భంగం లేకుండా చెల్లిస్తున్నాను’ అని రాసి, అందినట్టు రసీదు తీసుకోండి. ఇన్నాళ్ల స్టోరేజ్ అద్దె యార్డ్ నుంచి రాబట్టగలననుకోవద్దు. నష్టాన్ని తగ్గించుకోవాల్సిన బాధ్యత మీకూ ఉంది. మీరు కోపంలో పెంచుకున్నారు.

కాలపరిమితి విషయంలో మీరు లెక్క తప్పుతున్నారు. పగులు చూసిన ఏప్రిల్ నుంచి కాదు, చేయాల్సిన పని చేయకుండా వదిలేసిన ఆ శరత్కాలం నుంచే గడియారం నడుస్తోందని అవతలివాళ్లు అంటారు, ఒప్పంద ఉల్లంఘనకు మామూలు లెక్క అదే. భారత్‌లో సివిల్ దావాకు మూడేళ్లు, ఇంగ్లండ్‌లో ఆరేళ్లు. భారత వినియోగదారుల కమిషన్‌లో 2019 చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లే. మీకు ఇప్పటికి 20 నెలలు గడిచాయి. ఆ దారిలో వెళ్లాలంటే మిగిలింది నాలుగు నెలలు. స్నేహితుడి మనసు మారుతుందని చూస్తూ కూర్చుంటే కాలదోషం పడుతుంది. ఉత్తరాలు రాసుకున్నంత మాత్రాన గడువు ఆగదు. ‘లోపం కనిపించిన ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి’ అనే షరతు ఒప్పందంలో ఉందేమో కూడా చూడండి. ఉంటే, ఏప్రిల్‌లో మీరు పంపిన మొదటి మెసేజ్ ఏదైనా సరే వెతికి తీయండి.

ఈ వారంలో చేయాల్సింది: పగిలిన హీట్ ఎక్స్‌ఛేంజర్ యార్డ్ షెడ్‌లో ఉందన్నారు, దాన్ని పారేయవద్దు, వెల్డింగ్ చేయవద్దు అని రాతపూర్వకంగా చెప్పండి. యార్డ్‌తో సంబంధం లేని మెరైన్ సర్వేయర్‌ను పెట్టుకుని, తేదీ చెప్పి, యార్డ్ మనిషి ఎదుటే పరీక్ష చేయించండి. వాళ్లు రాకపోతే రాలేదని రిపోర్టులో రాయించండి. ఆ రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత ఎంతకు పడిందో వాతావరణ శాఖ నుంచి ధ్రువీకరించిన రికార్డు తెచ్చుకోండి. ఇవన్నీ చేతికొచ్చాకే రిపేరు, పాత ముక్క మీ దగ్గరే ఉంచుకుని. తర్వాత లీగల్ నోటీసు: మెసేజ్ తేదీ, పగులు తేదీ, సర్వేయర్ మాట, రిపేరు ఖర్చు, జవాబుకు 15 రోజులు. ఇరవై ఏళ్ల స్నేహం గురించి అందులో ఒక్క మాట రాయవద్దు.

రాజీకి వస్తే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఖరీదు, బిగించే కూలి, సర్వేయర్ ఫీజు దాకా పట్టుబట్టండి, దానికంటే తక్కువకు సంతకం పెట్టాల్సి వస్తే ముందు నాకో మీ లాయర్‌కో చూపించండి. ఈ అక్టోబరుకు కూడా బోటు అక్కడే ఉండేలా ఉంటే, వర్క్ ఆర్డర్‌లో జనరేటర్‌కు, ఏసీకి, మంచినీటి లైనుకు విడివిడిగా వరుసలు రాయించి, మీటర్ ఫోటో తీసుకున్నాకే తాళాలివ్వండి.