క్యాటలాగ్ పట్టుకున్న బుజ్జికి

బుజ్జీ,

నువ్వు ఓరిఫ్లేమ్‌లో, అదే ఆ క్రీములూ సబ్బులూ ఇంటింటికీ తిరిగి అమ్మించే కంపెనీలో చేరావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "నువ్వైనా వద్దని చెప్పక్కా" అంది. నేను వద్దని చెప్పను. బడిలో పాట పాడమంటే స్తంభం వెనకాల దాక్కున్న పిల్లవి, ఇవాళ పాలకొల్లులో నలుగురి ఇళ్ళకీ వెళ్ళి క్యాటలాగ్ విప్పుతున్నావంటే ముచ్చటగానే ఉంది. కాకపోతే రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావని కాగితం మీద రాస్తున్నా.

చేరడానికని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకు. 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (షాపు లేకుండా మనుషుల చేత అమ్మించడం) రూల్స్ ప్రకారం అలా వసూలు చేయకూడదు. చేరాక మనసు మారితే బయటికి వచ్చేయడానికి కొంత గడువు ఇవ్వాలి, అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకునే పద్ధతి ఉండాలి. నువ్వు కూడా గుర్తింపు కార్డు లేకుండా, ముందు అడక్కుండా ఎవరింటికీ వెళ్ళకూడదు. పేపర్లో వచ్చిన ఈ ముక్కని మీ పెదనాన్న కత్తిరించి బీరువా తలుపుకి అంటించారు, నా మీద వెటకారానికి. లిప్‌స్టిక్‌లు ఎండలో స్కూటీ డిక్కీలో వదిలేయకు, మన ఉక్కకి కరిగి కూర్చుంటాయి. డబ్బా మీద తేదీ చూడందే ఎవరికీ ఇవ్వకు.

సరుకు గురించి నాకు భయం లేదు. ఇద్దరు అన్నదమ్ములు ఒక స్నేహితుడితో కలిసి 1967లో స్వీడన్‌లో పెట్టిన కంపెనీ అది, మన దేశానికి 1995లో వచ్చింది. ఈ అమ్మే పద్ధతి ఇంకా పాతది. ఏవాన్ అని ఇంకో కంపెనీ ఉంది చూడు, దాన్ని 1886లో మొదలుపెట్టినాయన అమెరికాలో ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్ముకునేవాడట. పుస్తకాలతో పాటు చిన్న సెంటు సీసాలు ఊరికే ఇచ్చేవాడు. ఆడవాళ్ళు పుస్తకం పక్కన పడేసి సెంటు ఉందా అని అడగడం మొదలెట్టారు. ఇక పుస్తకాలు మానేసి సెంటే అమ్మాడు, అమ్మిపెట్టడానికి ఒక ఆడమనిషిని పెట్టుకున్నాడు. అప్పటికింకా ఆ దేశంలో ఆడవాళ్ళందరికీ ఓటు కూడా లేదు. తెలివైనవాడు. బజార్లో షాపు తెరిస్తే అద్దె కట్టాలి, మనిషికి జీతం ఇవ్వాలి. ఆడదాని పరిచయాలే షాపు అయితే ఆ ఖర్చు లేదు. ఆ షాపు మూతపడితే పోయేది మన మనుషులే.

నేనూ ఒకప్పుడు ఇలాంటి కంపెనీలోనే చేరాను. ఈ రెండిట్లోనూ కాదు, పేరెందుకులే ఇప్పుడు. 2003, పుష్కరాలు వచ్చిన ఏడాది. మీ పెదనాన్న రొయ్యల చెరువు లీజుకు తీసుకుని చేతులు కాల్చుకుని ఉన్నారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటెక్కి నరసాపురం, అక్కణ్ణుంచి బస్సులో భీమవరం వెళ్ళేదాన్ని మీటింగులకి. ఏసీ హాలు, చప్పట్లు, స్టేజీ మీద కోటు తొడుక్కున్నాయన కారు తాళాలు ఊపడం. నన్ను చేర్చినావిణ్ణి అప్‌లైన్ అనేవాళ్ళం. సరుకుని బట్టి పాయింట్లు, పాయింట్లని బట్టి లెవెల్, లెవెల్‌ని బట్టి కమీషను. సరిగ్గా నెలాఖరుకి ఫోన్ చేసేది. "ఇంకొక్క 200 పాయింట్లు వస్తే నీ లెవెల్ మారిపోతుంది, వదిలేసుకుంటావా?" అనేది. ఆ పాయింట్లకి సరిపడా కొనేవాళ్ళు నాకెక్కడున్నారు? నేనే కొన్నా. మొదటి నెల 3,000. రెండో నెల డ్వాక్రా గ్రూపులో 5,000 అప్పు తీసుకుని మరీ కొన్నా. కమీషను 700 ఎక్కువ వచ్చింది. ఆ డబ్బుతో మీ పెద్దన్నయ్యకి బూట్లు కొని ఊరంతా చెప్పుకున్నా. మంచం కింద 8,000 సరుకు మూలుగుతోందన్నది లెక్కలోకే రాలేదు.

అక్కడితో ఆగినా బావుండేది. నా కింద ఇంకా మనుషుల్ని చేర్చాలన్నారు. మన వీధి చివర జాకెట్లు కుట్టే వదిన నీకు తెలుసుగా. చుట్టం కాదు, వరస కలుపుకున్నాం. "రోజంతా మిషను తొక్కి కాళ్ళు వాచిపోతున్నాయి, ఇందులోకి రా వదినా" అన్నాను. ఆవిడ మేలు కోరే అన్నాననుకున్నా. కానీ ఆ నెల నాకు ముగ్గురు కావాలి, ఇద్దరే దొరికారు. ఆవిడ కాళ్ళవాపు ముందు గుర్తొచ్చిందా, మూడో మనిషి ముందు గుర్తొచ్చిందా అంటే ఇప్పటికీ చెప్పలేను.

ఆవిడ రెండు గాజులు బ్యాంకులో పెట్టి సరుకు తెచ్చుకుంది. జాకెట్టుకి కొలతలిద్దామని వచ్చినవాళ్ళకల్లా క్యాటలాగ్ చూపించింది. ఒకళ్ళిద్దరు మొహమాటానికి కొన్నారు. తర్వాత "అక్కడికెళితే ఏదో ఒకటి అంటగడుతుందే" అని వేరే టైలరు దగ్గరికి పోవడం మొదలెట్టారు. సరుకూ పోలేదు, కుట్టుపనీ తగ్గింది. ఆ గాజులు విడిపించుకోవడానికి రెండేళ్ళు పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు బుజ్జీ. తిట్టినా బావుండేది. ఇప్పటికీ ఆవిడ మిషను పక్కన ఆ క్రీము డబ్బా ఉంటుంది, అందులో హుక్కులు పోసుకుంది. నేను జాకెట్టు పట్టుకెళ్ళినప్పుడల్లా నా ఎదురుగానే మూత తీస్తుంది.

అందుకే చెబుతున్నా, నెలాఖరుకి ఫోన్ వస్తే ఎత్తకు. లెవెల్ కోసం నీ డబ్బుతో ఒక్క సబ్బు కూడా కొనకు. అవతలివాళ్ళ డబ్బు నీ చేతిలో పడ్డాకే కంపెనీకి ఆర్డరు పెట్టు. "కొబ్బరి దింపు అయ్యాక ఇస్తా", "లేసు అల్లిన డబ్బు రాగానే ఇస్తా", "ధాన్యం డబ్బులు పడనీ" అంటారు. అబద్ధం చెప్పరు పాపం, నిజంగానే ఇద్దామనుకుంటారు. ఈలోగా నిన్ను చూస్తే పక్క సందులోకి తిరిగిపోతారు. 400 క్రీము నీకు 320కి వచ్చిందనుకో, తెలిసినావిడని 360కే ఇచ్చావనుకో, మిగిలిన 40లో పెట్రోలు ఎంత, ఫోన్ ఎంత? నోటుబుక్కులో రాయి. నోటిలెక్క వద్దు. నేను నోటిలెక్కలోనే మునిగాను.

ఇంకోటి. తెల్లబడతారని ఎవరికీ చెప్పకు. కంపెనీ చెప్పని గుణాలు మనం కల్పించి చెప్పకూడదని ఆ రూల్స్‌లోనూ ఉంది. రూలు సరే, నల్లగా ఉన్న ఆడపిల్ల మొహంలోకి చూస్తూ ఆ మాట ఎలా అంటావే? మలికిపురంలో ఒకమ్మాయి పెళ్ళిచూపులకి ముందురోజు నా దగ్గర క్రీము కొని రాసుకుంది. తెల్లారేసరికి బుగ్గలు ఎర్రగా పొంగాయి. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి అన్న మాటలు ఇక్కడ రాయలేను. ముందు చెవి వెనకాల కొంచెం రాసి ఒకరోజు చూడమను. అమ్మకం ఒకరోజు ఆలస్యమైతే ఏమీ కాదు.

చీకటి పడ్డాక కాలవ గట్టు మీద స్కూటీ నడపకు. ఇది అన్నిటికంటే ముందు రాయాల్సింది, మర్చిపోయా. గట్టు మీద ఫోన్ మోగితే అస్సలు తీయకు. ఆర్డర్లన్నీ పగలే చూసుకో, ఆరింటికల్లా ఇంట్లో ఉండు.

నాకు రెండు సబ్బులు, ఒక పాదాల క్రీము కావాలి. చేతులకి రాసుకునేది కూడా ఒకటి తీసుకురా, అది కుట్టు వదినకి. డబ్బులు పొద్దున్నే నీ ఫోన్‌కి పంపించా, చూసుకో. తగ్గించి ఇవ్వకు, క్యాటలాగ్‌లో ఉన్న రేటే వేసుకో. ఆవిడకి నేనే తీసుకెళ్ళి ఇస్తాను. తీసుకుంటుందో లేదో మరి.

ఆదివారం పిల్లాణ్ణి కూడా తీసుకుని పొద్దున్నే రా. పనసపొట్టు కూర చేస్తా.

మీ పెద్దమ్మ