తాతగారి ప్లేట్లకు శానిటైజర్ వద్దు

ప్రశ్న: అటక మీద తాతగారి గ్రామఫోన్ ప్లేట్లు దొరికాయండి. బూజు పట్టాయని దూదికి శానిటైజర్ అద్ది ఒకదాన్ని తుడిస్తే దూదంతా నల్లబడి ప్లేటు మెరుపు పోయింది. నాన్నగారి ఎల్పీని (లాంగ్ ప్లే రికార్డుని) అలాగే తుడిస్తే ఏమీ కాలేదు. రెండూ నల్లవే కదా, తేడా ఏంటి?
- ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: దూదికి అంటింది మురికి కాదండీ, ప్లేటే! తాతగారి కాలం నాటి 78 స్పీడు ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) లక్కతో చేసినవి. లాడ్‌బజార్ గాజుల్లో ఉండే లక్కే, కాకపోతే శుద్ధి చేశాక దాన్ని షెల్లాక్ అంటారు. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే జిగురు అది, ఒకప్పుడు ప్రపంచానికి చాలావరకు మన చోటా నాగపూర్ వైపు నుంచే వెళ్లేది. ఆల్కహాల్‌లో ఇట్టే కరుగుతుంది. వడ్రంగులు బీరువా పాలిష్‌కి స్పిరిట్‌లో నానబెట్టేది కూడా ఇదే. మీరు వాడిన శానిటైజర్‌లో ఎక్కువ భాగం ఆల్కహాలేగా మరి!

నిజానికి ప్లేటులో లక్క కొంతే, మిగతాదంతా పలకరాయి, సున్నపురాయి లాంటి వాటి పొడి, నలుపు కోసం కాస్త మసి. ఆ రాతిపొడి గ్రామఫోన్ ఉక్కు ముల్లును అరగదీసి, పాట ఉండే గాడికి సరిపడేలా చేస్తుంది, అందుకే ఒక్కో వైపుకి ఒక్కో కొత్త ముల్లు పెట్టేవారు. పాట వెనకాల వినపడే ఆ 'సర్ర్' చప్పుడు కూడా చాలావరకు ఆ పొడి పుణ్యమే (నాకైతే అది లేకపోతే పాట బోసిగా ఉంటుంది). చెయ్యి జారితే మాత్రం పెంకే.

ఎల్పీ సంగతి వేరు. అది వినైల్, అంటే పీవీసీ, మన నీళ్ల పైపుల జాతి. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చింది. రాతిపొడి లేదు కాబట్టి నునుపు, గాడి సన్నం, స్పీడు తక్కువ, దాంతో ఒక్కో వైపు మూడు నిమిషాల పాట కాస్తా ఇరవై నిమిషాలు దాటింది. పడితే పగలదు గానీ ఎండలో వదిలేస్తే అప్పడంలా వంకరపోతుంది. దాన్ని తాతగారి గ్రామఫోన్ మీద మాత్రం పెట్టకండి, వంద గ్రాముల పైన బరువుతో ఆ ఉక్కు ముల్లు గాడిని చెక్కేస్తుంది.

మిగతా లక్క ప్లేట్లను మెత్తటి గుడ్డ తడిపి గట్టిగా పిండి, గాడి వెంబడే గుండ్రంగా తుడవండి, మధ్య లేబుల్ తడవకూడదు. మెరుపు పోయినదాన్ని కూడా పారేయకండి, రెండో వైపు తుడవలేదుగా?